మొక్కజొన్న దంటును విప్పి చూస్తే

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

బల్ల మీద ఉన్నది పీచు వేసిన మొక్కజొన్న మొక్క. వేళ్లతో సహా పెకలించి, మట్టి కడిగి తెచ్చాను. పక్కన కత్తి, బ్లేడు, భూతద్దం ఉన్నాయి. స్లైడ్లు మాత్రం లేవు. మొక్కను చేతిలో పెట్టుకుని దాని బొమ్మను గోడ మీద చూపించడం నాకు నచ్చదు. బల్ల కాస్త మురికవుతుంది, నిర్వాహకులు ఏమీ అనుకోకూడదు.

ముందు ఒక ప్రశ్న. పొత్తు ఒలిచేటప్పుడు పైనుంచి తీసేసే పచ్చటి పొరలున్నాయే, అవేమిటి? తొక్క అంటున్నారు ముందు వరుసలో. పొట్టు అంటున్నారు ఇంకొకరు. పేరు ఏదైనా పెట్టుకోండి, అసలది మొక్కలో ఏ భాగం? పండు తొక్కా? పువ్వు రేకా? జవాబు ఇప్పుడే చెప్పను. మొక్కను కింది నుంచి పైదాకా చూసుకుంటూ పోతే మీకే తెలుస్తుంది.

మొక్కజొన్న గడ్డి కుటుంబంలోది. రెండు మూడు మీటర్ల ఎత్తు పెరిగినా గడ్డే. వరి, గోధుమ, చెరకు, వెదురు అన్నీ దాని చుట్టాలు. వీటన్నిటికీ కాండం మీద కణుపులుంటాయి. ఇదిగో, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలేది కణుపు. రెండు కణుపుల మధ్య నున్నగా ఉన్నది కణుపు నడిమి. కణుపు దగ్గర ఒక ఆకు, ఆ ఆకు మొదట్లో దాగి ఒక మొగ్గ. కణుపు, నడిమి, ఆకు, మొగ్గ, ఈ నాలుగూ కలిసి ఒక మెట్టు. వృక్షశాస్త్రంలో దీన్ని ఫైటోమర్ అంటారు. మనకు మెట్టు చాలు.

ఈ మొక్క మొత్తం ఆ ఒక్క మెట్టే. దాన్నే మళ్లీ మళ్లీ పేర్చుకుంటూ పోయింది. మామూలు హైబ్రిడ్‌లో పద్దెనిమిది నుంచి ఇరవై దాకా ఆకులుంటాయి, అంటే దాదాపు అన్ని మెట్లు. అన్నీ ఒకేలా ఎందుకు కనిపించవంటే, ఏ మెట్టు దేన్ని పెంచుకుని దేన్ని వదిలేస్తుందన్నది వేరు. అట్టడుగు మెట్లలో నడిములు దాదాపు సాగవు, కణుపులు ఒకదానికొకటి అతుక్కుని మట్టిలోనే ఉండిపోతాయి, వాటి నుంచి వేళ్లు పుడతాయి. మట్టికి కాస్త పైనున్న కణుపుల నుంచి ఇదిగో, చుట్టూ గుడారపు తాళ్లలా దిగిన ఈ లావుపాటి వేళ్లు. మొక్క గాలికి పడకుండా ఊతమిచ్చేవి ఇవే. నడి మెట్లలో ఒకటీ రెండింట మొగ్గ పొత్తవుతుంది. పైమెట్లలో మొగ్గకు అవకాశమే ఉండదు. చివరన కొస పెరగడం మానేసి మగపూతగా మారిపోతుంది.

ఇక కాండం. అయితే చిన్న మొక్కలో కాండం ఎక్కడుంటుందో ముందు చెప్పాలి. చదువుకునే రోజుల్లో నాలుగాకుల మొక్కను పీకి, కాండం అనుకుని అడ్డంగా కోశాను. లోపల కాండం లేదు! ఉల్లిపాయలా పొరలే. ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగులవి. నేను పాడైన మొక్కను తీసుకున్నాననుకుని ఇంకొకటి పీకాను, అందులోనూ అంతే. మూడోది నిలువుగా కోస్తే అప్పుడు కనబడింది. అట్టడుగున, మట్టి మట్టం కంటే కిందనే, చిన్న శంఖంలాంటి తెల్లటి కొస. మొక్క పెరిగే చోటు అదే. ఐదారు ఆకులు పూర్తిగా విచ్చుకునేదాకా అది నేల లోపలే ఉంటుంది. అందుకే ఆ వయసులో వడగళ్లు పడి పై ఆకులన్నీ చినిగిపోయినా, పశువు కొరికేసినా మొక్క మళ్లీ లేస్తుంది. ఆ తర్వాత కొస నేల దాటి పైకొస్తుంది. అప్పుడు అదే దెబ్బ తగిలితే లేవడం కష్టం.

ఇంకో సంగతి. గింజలోని పిండంలోనే ఐదు ఆకుల దాకా సిద్ధంగా ఉంటాయి. ఐదారు ఆకులు బయటికి కనబడే వేళకు మిగతా ఆకులన్నీ లోపల పురుడు పోసుకుని ఉంటాయి, మగపూత కూడా మొదలై ఉంటుంది. మోకాలెత్తు కూడా లేని మొక్కలో ఆకుల లెక్క తేలిపోయిందన్నమాట. ఆ తర్వాత మనం చూసే పెరుగుదలలో ఎక్కువ భాగం మడతలు విప్పుకోవడమే.

మడతలు విప్పడం అన్నాను కదా, మరి పొడవు సాగేది ఎక్కడ? చెట్లలోలా కొమ్మ కొసన మాత్రమే కాదు. ప్రతి నడిమికీ అడుగున, కణుపుకు సరిగ్గా పైన, ఒక మెత్తటి పట్టీ ఉంటుంది. కణాలు విభజన చెందేది అక్కడ. దుర్భిణి గొట్టాన్ని లాగితే అన్ని ముక్కలూ ఒకేసారి సాగుతాయే, అలా చాలా నడిములు ఒకేసారి సాగుతాయి. పూతకు ముందు మొక్క రాత్రికి రాత్రి ఎత్తు పెరిగినట్టు అనిపించడం ఉత్త భ్రమ కాదు. అయితే ఆ పట్టీ చాలా బలహీనమైన చోటు. ఈ దంటును వంచుతున్నాను చూడండి... టక్కున విరిగింది, సరిగ్గా కణుపు మీద. దానికి కవచంలా ఆకు తొడుగు బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. వేగంగా సాగే రోజుల్లో పెద్ద గాలి వస్తే మొక్కలు ఇలాగే, కణుపు దగ్గరే విరుగుతాయి.

లేత మొక్క విరగకుండా ఒరిగిపోతే మాత్రం రెండు మూడు రోజుల్లో మెడ ఎత్తుతుంది. కణుపు దగ్గర నేలవైపున్న భాగం ఎక్కువ సాగుతుంది, పైవైపు తక్కువ. దాంతో కాండం కొంగమెడలా వంగి పైకి లేస్తుంది. ఆక్సిన్ అనే హార్మోను కిందివైపు చేరడం వల్ల జరిగే పని అది.

ఇప్పుడు బ్లేడు తీసుకుంటున్నాను. నడిమిని అడ్డంగా, పల్చగా కోస్తున్నా. వరి, గోధుమ కాండాలు లోపల బోలుగా ఉంటాయి, ఇది మాత్రం నిండుగా ఉంది. తెల్లటి బెండు, అందులో చల్లినట్టు చుక్కలు. ఆ చుక్క ఒక్కొక్కటీ నాళికాపుంజం. అంటే నీళ్ల గొట్టాలూ ఆహారపు గొట్టాలూ కలిసి ఉన్న కట్ట. ఆవ మొక్క, చిక్కుడు మొక్క కాండం కోస్తే ఈ కట్టలు వలయంగా వరుసలో ఉంటాయి. ఇక్కడ వరుస లేదు, చెల్లాచెదురు. ఏకదళబీజాల, అంటే గింజలో ఒకే బీజదళం ఉండే మొక్కల కాండం అంటే పుస్తకాల్లో వేసే బొమ్మ ఇదే.

చెల్లాచెదురు అన్నంత మాత్రాన లెక్కాపత్రం లేదనుకోకండి. భూతద్దం తీసుకుని అంచు వైపు చూడండి. అక్కడ కట్టలు చిన్నవిగా, కిక్కిరిసి ఉన్నాయి. మధ్యకు వచ్చేకొద్దీ పెద్దవిగా, దూరదూరంగా ఉన్నాయి. ప్రతి కట్ట చుట్టూ గట్టి నారలాంటి దృఢకణజాలపు తొడుగుంది. అంచున కట్టలు దగ్గరగా ఉండటంతో ఆ తొడుగులూ, పైచర్మం కింది గట్టి పొరా కలిసి ఒక పెంకులా తయారయ్యాయి. గాలికి కాండం వంగితే ఎక్కువ ఒత్తిడి పడేది అంచుల మీద, మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. సైకిల్ ఫ్రేముకు గొట్టం వాడటానికి కారణం కూడా ఇదే. బలమంతా అంచుకు పోయింది. మధ్యలో బెండు నీళ్లకూ చక్కెరకూ గోదాము.

సూక్ష్మదర్శినిలో ఒక్క కట్టను చూస్తే మీకు తప్పకుండా ముఖం కనబడుతుంది. కోతి ముఖమంటారు కొందరు, పుర్రె అంటారు కొందరు. రెండు పెద్ద గుండ్రటి నీటి గొట్టాలు కళ్లు. వాటి మధ్యలోంచి కాస్త కిందికి ఒకటి రెండు చిన్న గొట్టాలు, అది ముక్కు. దాని కింద ఒక ఖాళీ, నోరు. కళ్లకు పైన నుదురు, ఆహారం మోసే పోషక కణజాలం. ఈ ముఖాలన్నీ నుదురు బయటికి, గడ్డం కాండం మధ్యకు పెట్టుకుని ఉంటాయి. పరీక్షలో నేను తలకిందులుగా గీశాను. మా మాస్టారు మార్కులు కొట్టేసి, పక్కన "శీర్షాసనం" అని రాశారు. (నవ్వులు) అప్పటి నుంచి మరిచిపోలేదు.

ఆ నోరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అది కావాలని కట్టుకున్న గది కాదు. నడిమి ఇంకా సాగకముందే మొదటి నీటి గొట్టాలు ఏర్పడిపోతాయి. ఆ తర్వాత నడిమి ఎన్నో రెట్లు సాగుతుంది. గొట్టాలు మాత్రం చచ్చిన కణాలు, సాగలేక చిరిగిపోతాయి. చిరిగిన చోట మిగిలిన ఖాళీయే ఆ నోరు. ఇందాక దుర్భిణి గొట్టం అన్నానే, దాని గుర్తు ప్రతి కట్టలోనూ మిగిలి ఉంది. కళ్లు సాగడం ముగిశాక వచ్చినవి, అందుకే నిండుగా, గుండ్రంగా ఉన్నాయి.

ఈ కట్టల్లో నీళ్ల గొట్టాలకూ ఆహారపు గొట్టాలకూ మధ్య కేంబియం, అంటే కొత్త కణాలు పుట్టించే పొర, ఉండదు. చెట్టు బోదె ఏటేటా లావెక్కేది దానివల్లే. అది లేదు కాబట్టి ఈ కాండం ఒకసారి ఎంత లావుగా ఏర్పడితే అంతే.

బెండును గోదాము అన్నాను. గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో ఆకుల నుంచి చాలినంత చక్కెర రాకపోతే, తెగులు వల్లనో మబ్బు వల్లనో అనుకోండి, మొక్క బెండులో దాచిన చక్కెరను తోడి గింజకు పంపుతుంది. గింజ నిండుతుంది, కాండం గుల్లవుతుంది. అలా గుల్లైన కాండానికి కుళ్లు తెగులు తేలిగ్గా పట్టుకుంటుంది, పంట పడిపోతుంది. చూడటానికి పరికరం అక్కర్లేదు. కింది నడిమిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కండి. గట్టిగా ఉంటే పర్వాలేదు. సొట్ట పడిందంటే కోత వాయిదా వేయకూడదు.

ఇక ఆకు. ఆకును లాగితే కాండం నుంచి ఊడి రాదు, చూడండి, ఒరలోంచి కత్తి తీసినట్టు రావాలి. ఎందుకంటే ఆకు కింది సగం కాండాన్ని చుట్టుకున్న తొడుగు. అది తన కణుపు దగ్గర పుట్టి, పైనున్న నడిమిని కప్పుతుంది. పై సగం మనం ఆకు అని పిలిచే పొడవాటి పట్టీ. రెండూ కలిసే చోట, ఇదిగో, లేత రంగు మెడపట్టీ. ఆకుల లెక్క చెప్పేవాళ్లు ఈ మెడపట్టీ కనబడినవాటినే లెక్కపెడతారు. మొక్క ముదిరాక కింది ఆకులు, లోపల కాండం లావుగా ఏర్పడేకొద్దీ, చిరిగి రాలిపోతాయి కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. మొదటి ఆకును గుర్తుపట్టడం తేలిక, దాని కొస ఒక్కటే గుండ్రంగా ఉంటుంది, మిగతావన్నీ మొనదేలి ఉంటాయి.

మెడపట్టీ లోపలివైపు ఈ పల్చటి పొరను గోరుతో లేపుతున్నాను. చిన్న నాలుకలా ఉంది కదా? లిగ్యూల్ అంటారు. కాండాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆకు మీద పడ్డ వాన మధ్యఈనె గాడి వెంట ఇక్కడికే జారుతుంది. ఆ నీరూ దుమ్మూ తొడుగు లోపలికి దిగకుండా చాలావరకు ఇది అడ్డుకుంటుంది, నీరు కాండం వెంట కిందికి, వేళ్ల దగ్గరికి పోతుంది. మెడకు రెండు పక్కలా ఉన్న ఈ త్రికోణపు ముక్కలు తలుపు బందుల్లాంటివి, ఆకు బయటికి వాలేది వీటి దగ్గరే. జన్యువులో మార్పు వల్ల లిగ్యూల్ రాని ఉత్పరివర్తన మొక్కలున్నాయి. వాటిలో ఈ బందులు కూడా రావు, ఆకులు నిలువుగా కాండానికి ఆనుకుని నిలబడతాయి. ఆకు ఎంత వాలాలన్నది చిన్న విషయం కాదు. మొక్కలు దగ్గరదగ్గరగా వేసినప్పుడు పై ఆకులు నిటారుగా ఉంటేనే కింది ఆకులకు వెలుగు అందుతుంది.

ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, రెండే వరుసల్లో ఉంటాయి. అంచులు అలల్లా ఉండటానికి కారణం, అంచు మధ్యఈనె కంటే ఎక్కువ పెరగడమే. ఎక్కువ గుడ్డను తక్కువ పట్టీకి కుట్టితే కుచ్చులు వస్తాయి కదా. అంచును కొస నుంచి మొదలు వైపు వేలితో రుద్దకండి, కోసుకుంటుంది. రంపం పళ్లలాంటి ముళ్లున్నాయి. కింది ఐదారు ఆకుల మీద మైనపు పూత ఉంటుంది, వెంట్రుకలుండవు. ఆపై ఆకులు నిగనిగలాడతాయి, నూగు వస్తుంది.

ఆకు కూడా కాండంలాగే అడుగు నుంచి పెరుగుతుంది. కొస ముందు పుట్టింది, మొదలు చివర పుట్టింది. ఒకే ఆకులో కొస ముసలిది, మొదలు లేతది! ఇది తెలిస్తే పోషక లోపాలు సులువుగా పట్టుకోవచ్చు. నత్రజని తక్కువైతే మొక్క పాతవాటి నుంచి లాగి కొత్తవాటికి ఇస్తుంది. అందుకే కింది ఆకుల్లో, అదీ కొస నుంచి మొదలై మధ్యఈనె వెంట లోపలికి, ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో పసుపు పాకుతుంది. జింకు అలా తేలిగ్గా కదలదు. కాబట్టి లోపం లేత ఆకుల్లో, ఆకు మొదలు వైపున తెల్లటి వెడల్పాటి పట్టీలుగా బయటపడుతుంది.

మీలో ఎవరైనా ఆకుకు అడ్డంగా వరుసగా, కొలత పెట్టి పొడిచినట్టు రంధ్రాలుండటం చూశారా? చూశాం అంటున్నారు. ఎన్ని పురుగులు వరుసలో కూర్చుని తిన్నాయనుకుంటున్నారు? (నవ్వులు) ఒక్కటే. ఆకు విచ్చుకోకముందు సుడిలో చాపలా చుట్టుకుని ఉంటుంది. కాండం తొలిచే పురుగు పిల్ల ఆ చుట్టలో ఒక్కచోట తొలుచుకుంటూ పోతుంది. కాగితాన్ని మడతలు పెట్టి ఒక్క రంధ్రం చేసి విప్పండి, అదే వరుస వస్తుంది. ఆ రంధ్రాలు మనకు కనబడే నాటికి ఆకు విచ్చుకుని ఉంటుంది, పురుగు కాండంలోకి దూరి ఉండొచ్చు. కనబడుతున్నది పాత గాయం. మందు గురించి ఆలోచించేవాళ్లు చూడాల్సింది విచ్చుకున్న ఆకును కాదు, సుడిని.

ఇప్పుడు ఆకును వెలుగుకు పట్టుకుంటున్నాను. ఈనెలన్నీ కొస దాకా సమాంతరంగా సాగుతున్నాయి. సన్నవాటితో కలిపి చూస్తే ఈనెకూ ఈనెకూ మధ్య దూరం మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఇంత దగ్గరగా ఎందుకు? దీనికి జవాబు ఆకు అడ్డుకోతలో ఉంది. ప్రతి ఈనె చుట్టూ పెద్ద పెద్ద కణాల వలయం, ముదురు ఆకుపచ్చగా. దాని చుట్టూ ఇంకో వలయం, పత్రాంతర కణాలు. పువ్వుల దండలా ఉంటుంది. 1880ల్లో గాట్లీబ్ హాబర్‌లాండ్ట్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ ఏర్పాటును వర్ణించి, జర్మన్‌లో దండ అనే అర్థం వచ్చే క్రాంజ్ అన్న మాట వాడాడు. అది దేనికో తెలియడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1960ల్లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెరకు మీద పనిచేసి దారి చూపించారు.

సంగతేమిటంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి చక్కెర వైపు నడిపించే ఎంజైము రూబిస్కోకు ఒక బలహీనత ఉంది. ఎండ ముదిరేకొద్దీ కార్బన్ డయాక్సైడు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పడిన కష్టంలో కొంత వృథా. మొక్కజొన్న రూబిస్కోను బయట ఉంచకుండా లోపలి వలయంలో దాచింది. బయటి వలయంలో వేరే ఎంజైము కాపలా ఉంటుంది, అది ఆక్సిజన్ జోలికి పోదు. కార్బన్ డయాక్సైడును పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి లోపలి వలయానికి అందిస్తుంది. అక్కడ మళ్లీ విడుదల చేస్తే రూబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడు కిక్కిరిసి ఉంటుంది, పొరపాటుకు చోటుండదు. సీ4 మొక్క అనేది దీన్నే. ఈ అందజేత సాగాలంటే బయటి కణం ప్రతిదీ లోపలి వలయాన్ని తాకుతూ ఉండాలి. రెండు ఈనెల వలయాల మధ్య సాధారణంగా రెండే బయటి కణాలుంటాయి, ఒకటి ఈ పక్కది, ఒకటి ఆ పక్కది. ఈనెలు అంత దగ్గరగా ఉన్నది అందుకు. ఇదంతా ఉచితం కాదు, అదనపు శక్తి ఖర్చవుతుంది. మంచి ఎండలో గిట్టుబాటు, చలిలో మసక వెలుతురులో కాదు.

లాభం ఇంకోటి ఉంది, గాలి లోపలికొచ్చే, నీరు ఆవిరిగా పోయే పత్రరంధ్రాలను మరీ తెరిచి ఉంచక్కర్లేదు, నీరు ఆదా. నీరు ఇంకా తగ్గితే ఆకు పైవైపున వరుసల్లో ఉన్న బుడగల్లాంటి పెద్ద కణాలు చప్పబడతాయి, ఆకు లోపలికి చుట్టుకుంటుంది. మధ్యాహ్నం చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే కంగారు అక్కర్లేదు. పొద్దున్నే చుట్టుకుని కనబడితే నీళ్లు ఆలస్యమైనట్టే.

సరే, మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ పొత్తును కాండం నుంచి ఒరలోంచి తీసినట్టు లాగుతున్నాను. పొత్తు ఎక్కడుంది? ఆకు తొడుగుకూ కాండానికీ మధ్య, మొగ్గ ఉండాల్సిన చోట. అంటే పొత్తు ఒక కొమ్మ. దీని అడుగున ఈ కురచ కాడను నిలువుగా చీలుస్తున్నా. అడ్డగీతలు కనబడుతున్నాయా? కణుపులు! నడిములు సాగకుండా కుదించుకుపోయిన మెట్లు. ఒక్కో కణుపు నుంచి ఒక్కో పొర. ఆ పొర ఏమిటో ఇప్పుడు చెప్పండి... అదీ! ఆకు తొడుగు. నమ్మకం లేకపోతే ఈ పొర కొస చూడండి. పేనుకున్నట్టు చిన్న పచ్చటి తోక ఉంది. ఎదగడం మానేసిన ఆకు పట్టీ అది. కొన్ని రకాల్లో జానెడు పొడవు కూడా వస్తుంది. ఈ పొరల్లో ఈనెలు కూడా దూరదూరంగా ఉంటాయి. మధ్యలో ఉన్న కణాలకు లోపలి వలయం అందదు, కాబట్టి అవి పాత పద్ధతిలోనే, వరి ఆకులాగా పనిచేస్తాయి. ఒకే మొక్కలో రెండు పద్ధతులూ ఉన్నాయన్నమాట.

మొక్కజొన్న పూర్వీకురాలు టియోసింటే అనే మెక్సికో గడ్డి. దానికి పొడవాటి పక్కకొమ్మలు చాలా ఉంటాయి. సుమారు 9,000 ఏళ్ల కిందట బాల్సాస్ నది లోయ ప్రాంతంలో మనుషులు దాన్ని ఎంచి ఎంచి సాగు చేస్తూ వచ్చారు. టియోసింటే బ్రాంచ్‌డ్ 1 అనే జన్యువు జోరు పెరగడంతో కొమ్మలు అణగారాయి. కొమ్మ కురచబడితే దాని ఆకు తొడుగులన్నీ ఒకదానిమీద ఒకటి పడక తప్పదు. మనం ఒలిచే పొరలు అలా వచ్చాయి. గింజలన్నీ ఒలిచాక మిగిలేదాన్నీ బెండు అంటాం, కాండం మధ్యనున్నదాన్నీ బెండు అంటాం. ఆ మాట పెట్టినవాళ్లు ఏ సూక్ష్మదర్శినీ చూడలేదు గానీ తప్పు మాత్రం అనలేదు, రెండూ కాండమే.

వెనక నుంచి ఒకరు చెయ్యెత్తారు. చెప్పండి. పొత్తు ఉన్న నడిమికి ఒక పక్క గాడి ఎందుకుందని? మంచి ప్రశ్న. అది మొగ్గ చోటు. నడిమి సాగుతున్నప్పుడు మొగ్గ దాన్ని ఆనుకుని ఉంటుంది, కాండం ఆ మేరకు లోతుగా ఏర్పడుతుంది. మొగ్గలుండే నడిములన్నిటికీ ఉంటుంది, పైవాటికి ఉండదు, అవి గుండ్రం. ఇంకోటి కూడా చూపిస్తాను. పొత్తు పొరల్లో అన్నిటికంటే బయటిది, కాండం వైపున్నది, ఇదిగో. దీనికి ఒక మధ్యఈనె బదులు రెండు గట్లున్నాయి, అటొకటి ఇటొకటి. కొమ్మకు మొదటి ఆకు ఇదే. ఒకవైపు కాండం, ఇంకోవైపు పొత్తు, రెండింటి మధ్య నలిగి ఇలా పలకలా పెరిగింది. రండి, ముందుకొచ్చి వేలితో తడిమి చూడండి. బ్లేడు మాత్రం ముట్టుకోకండి.